చేసిన తీర్మానాన్ని మార్చుకోవడం: ఊళ్లో లేనివారికి నోటీసు
(కెంచనగుడ్డలో సరిహద్దు గ్రామాల సంఘ కమిటీ సభ్యులు, యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరి పేరు చెప్పగానే ఆదోని వైపునుంచి వచ్చిన మన యువకులు కొందరు ముసిముసిగా నవ్వారు. కన్నడంలో గుడ్డ అంటే గుట్ట, కొండ. మన తెలుగులో గుడ్డ అంటే కట్టుకునేది. ఒకే మాట ఏటికి ఒక పక్క ఒకటి, ఇంకో పక్క ఇంకొకటి. సరిహద్దు మనుషులకు ఇది కొత్త కాదు. ఒక మాటను ఎవరు ఏ అర్థంలో విన్నారో అడిగి తెలుసుకోవడం మనకు చిన్నప్పటినుంచీ అలవాటు. ఈరోజు మాట్లాడబోయేదానికి ఆ అలవాటు పనికొస్తుంది.

విషయం తీర్మానాల గురించి. ఒక కమిటీ గానీ, బోర్డు గానీ, జనరల్ బాడీ గానీ ఒకసారి తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాక దాన్ని మార్చవచ్చా? మారిస్తే ఎవరు మార్చాలి, ఎలా మార్చాలి? ఇంత పొడి విషయానికి నది ఒడ్డుకు పిలవాలా అని మీరనుకోవచ్చు. కానీ మా సంఘంలో ఇదే విషయం మీద ముప్పై ఏడు మంది పేర్లు రిజిస్టరులోంచి పోయాయి. అందుకే పిలిచాం.

ముందు మనం కూర్చున్న నేల సంగతి చూద్దాం. ఇది సిరుగుప్ప తాలూకా. మద్రాసు రాష్ట్రంలోని పాత బళ్లారి జిల్లాను 1953లో పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కొత్త ఆంధ్ర రాష్ట్రానికి వెళ్లాయి. సిరుగుప్ప, హొసపేట, కూడ్లిగి లాంటివి మైసూరుకు వచ్చాయి. బళ్లారి తాలూకా ఎటో తేలకపోతే జస్టిస్ మిశ్రాను నియమించి విచారణ జరిపించారు, అదీ మైసూరుకే వచ్చింది. 1953 అక్టోబరు 1న అమలు కూడా అయిపోయింది. అయిపోయిందనుకున్నారా? రెండేళ్లు తిరక్కుండానే 1955లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్ తన నివేదికలో బళ్లారి, సిరుగుప్ప, హొసపేట తాలూకాలను, తుంగభద్ర డ్యామ్ ఉన్న మల్లాపురం ప్రాంతాన్ని ఆంధ్రకు ఇవ్వాలని సిఫారసు చేసింది. అంటే ఈ కెంచనగుడ్డ కూడా ఆంధ్రకు వెళ్లేదే. బళ్లారిలో పెద్ద ఆందోళన లేచింది. వాదోపవాదాల తర్వాత ఆ సిఫారసును తీసుకోలేదు. 1956 చట్టంలో ఈ తాలూకాలు మైసూరులోనే ఉండిపోయాయి.

ఎవరిది న్యాయం అన్న పాత తగాదాను మేము ఇక్కడ తవ్వడం లేదు. మీ ఇళ్లలో పెద్దవాళ్లు రెండు రకాలుగానూ చెబుతారు. మేము చూపించదలచుకున్నది ఒక్కటే. తేల్చిన విషయాన్ని తిరిగి తెరవడం వేరు, తిరగరాయడం వేరు. ఇక్కడ తెరిచారు, అందరూ మాట్లాడారు, చివరికి మొదటి నిర్ణయమే నిలబడింది. తెరిచినందువల్ల ఆ నిర్ణయానికి పరువు పోలేదు.

ఇప్పుడు మా సంఘం సంగతి.

పోయిన ఫిబ్రవరిలో మా సంఘం జనరల్ బాడీ ఒక తీర్మానం చేసింది. వరుసగా మూడు నెలలు చందా కట్టని, ఆరాధనకు రాని సభ్యుల పేర్లు సభ్యత్వ రిజిస్టరునుంచి తీసివేయాలని. వినడానికి క్రమశిక్షణలాగే ఉంది. కానీ ఫిబ్రవరి అంటే మన ఊళ్లలో ఎవరుంటారు? సుగ్గికి పోయిన కుటుంబాలు గుంటూరు వైపు మిరప చేలల్లో ఉంటాయి. మరికొందరు బెంగళూరులో కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉంటారు. ఎవరి మీద తీర్మానం చేశారో వాళ్లలో ఒక్కరూ ఆ సభలో లేరు. ఏప్రిల్, మే నెలల్లో మూటలు నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చాక వాళ్లకు తెలిసింది, తమ సొంత సంఘంలో తమ పేరు లేదని.

పేరు లేకపోతే ఏమవుతుందిలే అని కొందరన్నారు. ఒక అమ్మాయి నర్సింగ్ సీటుకు దరఖాస్తు పెట్టుకుంది. సంఘ సభ్యత్వ పత్రం జతచేయమన్నారు. తల్లిదండ్రుల పేర్లు రిజిస్టరులో లేవు కాబట్టి పత్రం ఇవ్వడానికి మా కమిటీకి చేతులాడలేదు. గడువు దాటిపోయింది. ఆ తల్లి మాతో గొడవ పడలేదు. "మేము పనికి పోయినాము అయ్యా, ప్రభువును ఇడిసిపెట్టి పోలేదు" అని మాత్రం అంది. ఆ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టనివాళ్లు తొందరపడతారు. మేమూ తొందరపడ్డాం. ఇది మా తప్పు, దాచకుండా చెబుతున్నాం. జూన్‌లో ఒక బుధవారం రాత్రి ప్రార్థన కూడిక అయ్యాక, ఉన్నవాళ్లను కూర్చోబెట్టి, ఆ తీర్మానాన్ని రద్దు చేద్దామని అడిగాం. పద్నాలుగు మంది ఉన్నారు. ఎనిమిది చేతులు లేచాయి. మినిట్స్ పుస్తకం తెప్పించి రాయబోతుండగా, మొదటి తీర్మానాన్ని ప్రతిపాదించిన పెద్దాయనే, రిటైరైన బడిపంతులు, లేచి నిలబడి అడిగాడు. "నోటీసు ఏదీ పాస్టరుగారూ?"

మాకు కోపం వచ్చింది. "న్యాయం చెయ్యడానికి నోటీసు ఎందుకు పెద్దయ్యా?" అన్నాం. ఆయన మెల్లగా, "రేపు మీరు ఊళ్లో లేనప్పుడు నేను ఎనిమిది మందిని పోగేసి ఇట్లాగే రాస్తే ఊరుకుంటారా?" అన్నాడు.

ఆ రాత్రి పుస్తకం మూసేశాం. ఫిబ్రవరిలో వాళ్లు ఏం చేశారో జూన్‌లో మేమూ అదే చేయబోయాం. వాళ్లు సుగ్గికి పోయినవాళ్లు లేనప్పుడు చేశారు. మేము ఆ తీర్మానానికి ఓటేసినవాళ్లు లేనప్పుడు చేయబోయాం. ఉద్దేశం మంచిదే కావచ్చు, పద్ధతి మాత్రం అదే.

తర్వాత కూర్చుని సభా నియమాలు చదివాం. వేదాంత కళాశాలలో మాకు హెబ్రీ, గ్రీకు చెప్పారు గానీ మీటింగు ఎలా నడపాలో ఎవరూ చెప్పలేదు. ఈ కష్టం మా ఒక్కరిదే కాదు. అమెరికాలో హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే సైనిక ఇంజనీరును 1863లో న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణంలో ఒక బాప్తిస్టు సంఘం సభకు అధ్యక్షత వహించమన్నారు. ఆయనకు పద్ధతి తెలియదు, సభ రసాభాస అయింది. సిగ్గుపడి నియమాలు చదవడం మొదలుపెట్టి, 1876లో తన పుస్తకాన్ని సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. ఈరోజు లోకంలో అనేక సంఘాలు, సంస్థలు వాడే రాబర్ట్ నియమాలు అవే. ఆయన తండ్రి బాప్తిస్టు పాదిరి. దాస్యంనుంచి విడుదలైన నల్లజాతివారి చదువు కోసం పెట్టిన, తర్వాత మోర్‌హౌస్ కళాశాలగా పేరొందిన విద్యాసంస్థకు మొదటి అధ్యక్షుడు.

రాబర్ట్ పుస్తకం మన దేశంలో చట్టం కాదు. మనకు ముందు మన నియమావళి, దాని మీద మన రాష్ట్ర సొసైటీల చట్టం. కర్ణాటకలో 1960 నాటిది, ఆంధ్రలో 2001 నాటిది. నియమావళి నోరు విప్పని చోట మాత్రం రాబర్ట్ నియమాల వెనక ఉన్న ఆలోచన పనికొస్తుంది.

ఆ పుస్తకం ప్రకారం చేసిన తీర్మానాన్ని మళ్లీ ముట్టుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి పునఃపరిశీలన. ఇది వేడిమీద జరగాలి, అదే సమావేశంలో, అదే రోజు, సమావేశం రోజులతరబడి సాగుతుంటే మరునాడు. పైగా గెలిచిన పక్షాన ఓటేసినవాళ్లే దీన్ని ప్రతిపాదించాలి. ఓడినవాళ్లు ఎందుకు కూడదు? ఓడిన ప్రతిసారీ మళ్లీ మొదలుపెడితే సభ తెల్లారేదాకా తెమలదు. గెలిచినవాడికే మనసు మారితే అప్పుడు తెరవవచ్చు. ఫిబ్రవరి సభ ఎప్పుడో ముగిసింది కాబట్టి మాకు ఈ దారి మూసుకుపోయింది.

రెండోది రద్దు, లేదా ఆమోదించినదాన్ని సవరించడం. దీనికి కాలపరిమితి లేదు, ఏ సభ్యుడైనా ప్రతిపాదించవచ్చు, ఎటు ఓటేశాడన్న ప్రశ్న లేదు. కానీ ఓట్ల లెక్క మారుతుంది. ముందుగా నోటీసు ఇచ్చి ఉంటే సాదా మెజారిటీ చాలు. నోటీసు లేకపోతే ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులు కావాలి. అదీ కుదరకపోతే సభలో ఎంతమంది ఉన్నారన్నది పక్కన పెట్టి, మొత్తం సభ్యత్వంలో సగంకంటే ఎక్కువ మంది కావాలి.

మా జూన్ రాత్రిని ఈ లెక్కలో పెట్టి చూడండి. పద్నాలుగు మందీ ఓటేశారనుకుంటే మూడింట రెండు వంతులకు పది చేతులు లేవాలి. మాకు లేచినవి ఎనిమిది. అసలు అది ప్రార్థన కూడిక, జనరల్ బాడీ కాదు, కోరమూ లేదు. ఏ లెక్కన చూసినా చెల్లదు.

ఈ లెక్క ఎందుకిలా పెట్టారో ఆలోచించండి. నోటీసు ఉంటే సగం చాలు, నోటీసు లేకపోతే ఎక్కువ మంది కావాలి. అంటే ఆ నియమం సభలో కూర్చున్నవాళ్ల కోసం పెట్టింది కాదు, సభకు రాలేకపోయినవాళ్ల కోసం పెట్టింది. నోటీసు అందినవాడు రాకపోతే అది వాడి ఇష్టం. నోటీసే అందనివాడి పక్షాన ఎవరో ఒకరు నిలబడాలి కదా, అందుకే అక్కడ ఓట్ల గోడ ఎత్తు పెంచారు. బడిపంతులు అడిగిన "నోటీసు ఏదీ?" అన్న ప్రశ్న ఫిబ్రవరిలోనే ఎవరైనా అడిగి ఉంటే ఆ అమ్మాయి సీటు పోయేది కాదు. ఈ మాట ఆయనతోనే అన్నాం. ఆయన ఒప్పుకున్నాడు.

మన దేశపు పాత సొసైటీల చట్టం, 1860 నాటిది, ఇదే ఆలోచనతో ఉంది. సొసైటీ తన ఉద్దేశాలను మార్చుకోవాలంటే ఆ ప్రతిపాదనను రాతపూర్వకంగా సభ్యులకు అందించాలి లేదా పోస్టులో పంపాలి, అదీ సభకు పది రోజుల ముందు. అయిదింట మూడు వంతుల ఓట్లు రావాలి. అంతటితో అయిపోదు, నెల విరామం తర్వాత రెండో సభ పెట్టి మళ్లీ అయిదింట మూడు వంతులతో ఖాయం చేయాలి. తెల్లదొరల కాలపు చట్టమే అయినా ఊళ్లో లేనివాడికి ఒక నెల గడువు ఇచ్చింది. మన సంఘాల్లో కొన్ని వారం కూడా ఇవ్వవు.

చేసిన తీర్మానం అమలైందా లేదా అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. దీనికి మన ఆంధ్ర రాష్ట్ర శాసనమండలి కథకంటే మంచి ఉదాహరణ మాకు కనిపించలేదు. రాజకీయంగా మీరు ఎవరివైపైనా ఉండండి, పద్ధతి మాత్రం చూడండి. 2020 జనవరి 27న శాసనసభ మండలిని రద్దు చేయాలని తీర్మానించింది. అనుకూలంగా 133 ఓట్లు. రాజ్యాంగం 169వ అధికరణ ప్రకారం మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు ఉండాలి. 175 మంది సభలో 133 అంటే రెండూ దాటాయి. కానీ ఆ తీర్మానంతోనే మండలి పోదు, పార్లమెంటు చట్టం చేయాలి. పార్లమెంటు చేయలేదు. 2021 నవంబరు 23న అదే శాసనసభ, అదే ప్రభుత్వం, ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంటూ మరో తీర్మానం చేసింది. అమలు కాలేదు కాబట్టి ఒక్క పూటలో అయిపోయింది.

ఇప్పుడు వెనక్కి వెళ్లండి. ఎన్టీ రామారావు గారి కాలంలో కూడా మండలి రద్దుకు సభ తీర్మానించింది. అప్పుడు పార్లమెంటు చట్టం చేసింది, 1985లో మండలి నిజంగానే పోయింది. దాన్ని తిరిగి తేవడానికి ఏం పట్టింది? 1990లో ఒక ప్రయత్నం రాజ్యసభ దాటి లోక్‌సభ దగ్గర ఆగిపోయింది. 2004లో శాసనసభ కొత్తగా తీర్మానం చేస్తే, 2005 చట్టం వస్తే, 2007లో మండలి మళ్లీ కూర్చుంది. ఇరవై రెండేళ్లు. అమలు కాని తీర్మానాన్ని ఒక పేజీతో వెనక్కి తీసుకోవచ్చు. అమలైపోయినదాన్ని రద్దు చేస్తే పాతది తిరిగి రాదు, కొత్తగా కట్టుకోవాలి.

మా సంఘంలో రెండూ కలిసిపోయి ఉన్నాయి. ఇకముందు పేర్లు తీయకుండా ఆపవచ్చు, అది అమలు కాని భాగం. తీసేసిన ముప్పై ఏడు పేర్లు వాటంతట అవి రిజిస్టరులోకి రావు, ఎక్కించాలని వేరుగా తీర్మానించాలి. ఆ అమ్మాయి పోగొట్టుకున్న సంవత్సరాన్ని మాత్రం ఏ ఓటూ తిరిగి తేలేదు. ఈ మూడింటినీ కలిపి "రద్దు చేసేశాం, అంతా సరిపోయింది" అని చెప్పుకుంటే అది అబద్ధం.

వాక్యంలో ఇలాంటిది ఉందా అని యువకులు అడిగారు. ఉంది. సంఖ్యాకాండము 27వ అధ్యాయం తీయండి. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి అరణ్యంలో చనిపోయాడు, కొడుకులు లేరు. అప్పటి లెక్క ప్రకారం ఆ ఇంటికి భూమి రాదు. వాళ్లు ఇంట్లో కూర్చుని ఏడవలేదు. ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర, మోషే, యాజకుడైన ఎలియాజరు, ప్రధానులు, సర్వసమాజం ముందు నిలబడి అడిగారు. మోషే తనంతట తాను తీర్పు చెప్పలేదు, యెహోవా సన్నిధికి తీసుకెళ్లాడు. ఆ కుమార్తెలు చెప్పింది న్యాయమేనని దేవుడు చెప్పాడు, కట్టడ మారింది. అధికారం ఎక్కడుందో అక్కడికే వెళ్లారు, అందరి ముందూ వెళ్లారు. మా దృష్టిలో బైబిల్లో సభా పద్ధతికి ఇంతకంటే చక్కని పాఠం లేదు.

చాలా ప్రసంగాలు అక్కడే ఆగిపోతాయి. మీరు 36వ అధ్యాయం కూడా చదవండి. ఈసారి మనష్షే గోత్రంలో గిలాదు వంశపు పెద్దలు వచ్చారు. ఈ ఆడపిల్లలు వేరే గోత్రంవాళ్లను పెళ్లి చేసుకుంటే మా భూమి వాళ్లకు పోతుంది, సునాద సంవత్సరంలో కూడా తిరిగి రాదు అన్నారు. అప్పుడు మొదటి తీర్పును రద్దు చేయలేదు, సవరించారు. భూమి కుమార్తెలదే, కానీ తండ్రి గోత్రంలోనే పెళ్లి చేసుకోవాలి. అచ్చంగా మనం మాట్లాడుకుంటున్న సవరణే.

అయితే మేము ఆ రెండు అధ్యాయాలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు ఒకటి గుచ్చుకుంది. 27లో ఆ అయిదుగురు నిలబడి మాట్లాడారు. 36లో వాళ్ల పెళ్లి గురించే నిర్ణయం, కానీ వాళ్లను పిలిచి అడిగినట్టు అక్కడ రాసి లేదు. పెద్దలు మాట్లాడారు, కుమార్తెలు పాటించారు. మళ్లీ యెహోషువ 17లో, భూమి పంచే సమయానికి, ఆ అయిదుగురే స్వయంగా వచ్చి తమకు రావలసింది గుర్తు చేసి తీసుకున్నారు. మన సంఘాల్లో స్త్రీల గురించి, కూలికి పోయినవాళ్ల గురించి, యువకుల గురించి ఎన్ని సవరణలు వాళ్లు గదిలో లేనప్పుడు జరుగుతున్నాయో ఈ మధ్యాహ్నం గుంపులుగా కూర్చున్నప్పుడు లెక్కపెట్టండి.

దీనికి ఎదురుగా ఎస్తేరు గ్రంథం ఉంది. మాదీయుల, పారసీకుల శాసనం మారదు. దర్యావేషు రాజుకు దానియేలును కాపాడాలని ఉన్నా తన సంతకం తననే కట్టేసింది. అహష్వేరోషు హామాను రాయించిన తాకీదును వెనక్కి తీసుకోలేకపోయాడు. చేయగలిగింది దాని మీద ఇంకో తాకీదు పంపడమే, అందులో యూదులు ఆయుధం పట్టవచ్చని రాశారు. ఆ తర్వాత ఎంత రక్తం కారిందో 9వ అధ్యాయం చెబుతుంది. "ఒకసారి దేవుని సన్నిధిలో తీర్మానించాక మార్చకూడదు" అని మన పెద్దలు కొందరు భక్తిగా అంటుంటారు. ఆ పద్ధతి మోషే గుడారంలో లేదు, షూషను కోటలో ఉంది.

ఎవరు మార్చగలరు అన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లు ఎక్కువగా ఇక్కడే తప్పటడుగు వేస్తారు. 1950లో వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా మీ అందరికీ తెలుసు, మన ఇళ్లలో సగం కన్నీళ్లు అక్కడివే. ఆ పేరా రాతిమీద చెక్కింది కాదు. 1956లో సిక్కుల కోసం సవరించారు, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. దళిత క్రైస్తవుల కోసం ఇంకా సవరించలేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లోనూ, 2023 మార్చిలోనూ తీర్మానాలు చేసింది. అయినా మారలేదు, ఎందుకంటే 341వ అధికరణ ప్రకారం ఆ మార్పు చేయగలిగింది పార్లమెంటు మాత్రమే. శాసనసభ అడగగలదు, మార్చలేదు. అడగడం వ్యర్థమని మేము అనడం లేదు, ఇంకా గట్టిగా అడగాలి. కానీ ఏ తలుపు కొడుతున్నామో తెలిసి కొట్టాలి.

సంఘంలోనూ అంతే. జనరల్ బాడీ చేసినదాన్ని జనరల్ బాడీయే మార్చాలి. కమిటీ మార్చలేదు. పాస్టరు అసలే మార్చలేడు, ఎంత ప్రార్థనాపరుడైనా సరే. మా జూన్ తప్పులో ఇది కూడా ఉంది.

యువకులకు ఒక మాట. "ఆ పేజీ చించేస్తే పోలా అయ్యా" అని మీలో ఒకరు మాతో అన్నారు. పేరు చెప్పంలే. పేజీ చించకూడదు, ఇంకు కొట్టేయకూడదు, పైన కాగితం అతికించకూడదు. పాత తీర్మానం అలాగే ఉండాలి. దాని పక్కన, ఫలానా తేదీ సభలో ఫలానా పేజీ తీర్మానంతో సవరించారని చిన్న అక్షరాలతో రాయాలి. మనం ఒకప్పుడు ముప్పై ఏడు మందిని బయట పెట్టామన్నది మన పిల్లలు చదవాలి. చించేస్తే, వాళ్లు మళ్లీ అదే చేసినప్పుడు చూపించడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

ఇక బడిపంతులుగారి సంగతి. ఆయన భయం కూడా ఉత్తది కాదు. ఎన్నికల ముందు, ఏళ్లతరబడి మందిరం మొహం చూడనివాళ్లను ఆటోల్లో దించి ఓట్లేయించిన సందర్భం మా సంఘంలో ఉంది. రిజిస్టరు అన్నాక ఏదో ఒక హద్దు ఉండాలంటాడు. అందుకని మొత్తం రద్దు కోరకుండా సవరణ కోరుతున్నాం. మూడు నెలలు అన్నచోట ఒక సంవత్సరం, కూలిపనికి వలస వెళ్లినవారికి ఫోనులో చెప్పినా చాలు, పేరు తీసే ముందు ఆ కుటుంబానికి తెలియజేసి జవాబు వినాలి. నోటీసుకు ఒక కట్టుబాటు ఉంది. మూడు నెలలను ఒక సంవత్సరం చేయాలని నోటీసు ఇస్తే, సభ మధ్యలో ఆరు నెలల దగ్గర రాజీ పడవచ్చు. రెండేళ్లు చేద్దామని గానీ, అసలు హద్దే వద్దని గానీ అప్పటికప్పుడు పెంచకూడదు. నోటీసు చదివి, "సరే ఒక సంవత్సరమే కదా" అని ఇంట్లో ఉండిపోయినవాణ్ని మోసం చేసినట్టవుతుంది.

ఈ సవరణకు తాను వ్యతిరేకంగానే ఓటేస్తానని ఆయన ముందే చెప్పాడు. "నోటీసు మాత్రం నేనే రాసిస్తాను, మీ తెలుగులో తప్పులుంటాయి" అన్నాడు. రాసిచ్చాడు. ఇదిగో:

"డిసెంబరు చివరి ఆదివారం ఆరాధన అయిన తర్వాత మందిరంలో జనరల్ బాడీ సమావేశం జరుగును. గత ఫిబ్రవరి సమావేశంలో చేసిన సభ్యత్వ తీర్మానంలో మూడు నెలలు అనుచోట ఒక సంవత్సరము అనియు, వలస పనివారికి మినహాయింపు కలుగునట్లును, పేరు తీయుటకు ముందు కుటుంబమునకు తెలియజేయునట్లును సవరించుటకు, తొలగించిన ముప్పై ఏడు పేర్లు తిరిగి చేర్చుటకు ప్రతిపాదన రానున్నది. తొలగించబడిన వారు కూడ హాజరై మాట్లాడవచ్చును."

చివరి వాక్యం మేము చెప్పలేదు, ఆయనే కలిపాడు.

క్రిస్మస్‌కు ఎక్కడున్నా మనవాళ్లు ఇంటికి వస్తారు, అందుకే ఆ ఆదివారం పెట్టాం. కానీ గోడకు అంటిస్తే నోటీసు కాదు. చదవలేనివాళ్లున్నారు, కాబట్టి దీన్నే మాటల్లో రికార్డు చేసి ఫోన్లకు పంపుతున్నాం, తెలుగులో ఒకటి, కన్నడలో ఒకటి. ఫోను లేనివాళ్లకు మేస్త్రీ ఫోనుకు చేసి మనిషిని పిలిపించి చెప్పాలి. బెంగళూరు షెడ్లకు ఇద్దరు యువకులు వచ్చే వారం వెళ్తామన్నారు, బస్సు చార్జీ సంఘం ఇస్తుంది. ఎవరికి ఎప్పుడు చెప్పామో ఒక కాగితం మీద తేదీతో రాసుకోవాలి, సభలో దాన్ని చదివి వినిపిస్తాం.

రిజిస్టరు తెచ్చాం. ఇప్పుడు ఆ ముప్పై ఏడు పేర్లూ ఒక్కొక్కటిగా చదువుతాం. ఎవరి నంబరు మీ దగ్గరుందో చెయ్యెత్తి చెప్పండి.